ఫొటోలకి ఆడిన బేరం

అయిదొందలు అడిగినవాణ్ణి రెండొందలకి దించాను. అదీ ముఖం చూడకుండా, గొంతు వినకుండా, కంప్యూటర్ మీద. బెదిరించి డబ్బు లాగేవాడితో బేరమాడి గెలిచిన తల్లి ఉక్కునగరం మొత్తానికి నేనొక్కదాన్నే అని ఆ సాయంత్రమంతా పొంగిపోయాను.

నేను పూర్ణా మార్కెట్లో పెరిగాను. మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు. అటుపక్క పసుపూ కుంకుమా, ఇటుపక్క తాళ్ళూ గోనెసంచులూ. అక్కడ బేరమంటే ముందు సరుకుని తీసిపారెయ్యాలి. గిన్నె బాగుందని నోరు జారితే ధర దిగదు. "ఇదేటి, అంచు వంకరగుంది, ఎవులు కొంటారు?" అనాలి. ఆ విద్య నాకు అక్షరాల కన్నా ముందే వచ్చింది. పెళ్ళయి ఉక్కునగరంలో స్టీలు ప్లాంటు క్వార్టర్‌కి వచ్చాక కూరల బండివాళ్ళు మా వీధి మలుపు తిరగడానికి జంకేవాళ్ళు. రెండువేల సంవత్సరం దాటాక మా ఆయన లోను పెట్టి కంప్యూటర్ కొన్నప్పుడు, కొట్టువాణ్ణి గంటన్నర నిలబెట్టి కొసరు కింద కంప్యూటర్‌కి తగిలించే కెమెరా ఒకటి పుచ్చుకున్నాను. దానితో ఏం చేస్తారో నాకు తెలీదు. ఊరికే వస్తోంది కదా.

దుమ్ము పడకుండా కంప్యూటర్‌ని లోపలిగదిలో పెట్టాం. మా అమ్మాయిది అప్పుడు తొమ్మిదో తరగతి. ఆయన మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్ళేవారు, నేను వంటింట్లో ఉండేదాన్ని. తలుపు వేసుంటే చదువుకుంటోందనుకునేదాన్ని.

ఒకనాడు స్కూలు నుంచి వచ్చి, బ్యాగు దించకుండానే నా పక్కన కూర్చుంది.

"అమ్మా, ఒకటి సెప్తాను. తిట్టకు."

రెండు నెలలుగా చాటింగులో ఒక స్నేహితురాలు. హైదరాబాదు అమ్మాయిననీ, తన వయసేననీ చెప్పుకుంది. ఆ నమ్మకంతో మా పిల్ల కెమెరా ముందు జుట్టు విరబోసుకుని గెంతింది, వెక్కిరించింది, పడీ పడీ నవ్వింది. అంతే. కానీ అవతల ఉన్నది ఎవడో మగవాడు. ఆ ఫొటోలన్నీ దాచుకున్నాడు. అయిదొందల సెల్‌ఫోన్ రీఛార్జి కార్డు కొని, గీకి, నంబరు పంపకపోతే వాటికింద పాడు మాటలు రాసి స్కూలు పిల్లలందరికీ పంపిస్తానన్నాడు.

చెబుతున్నంతసేపూ అది బ్యాగు పట్టీ వదల్లేదు. దగ్గరికి తీసుకోవలసింది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది:

"అయిదొందలా? అంతెందుకిత్తాం?"

నాకు టైపు రాదు. అందుకని దాన్నే కుర్చీలో కూర్చోబెట్టాను. నేను చెబుతుంటే అది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టింది.

"నూటేబై కంటే నేవని కొట్టు."

కొట్టింది. నాలుగొందలని జవాబొచ్చింది.

"అయ్యి అంత సెయ్యవని కొట్టు. మొకమే సరిగ్గా అగుపడ్డం నేదు, ఆ ఫొటోలు ఎవులు సూత్తారని కొట్టు."

అది చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మా, అయి నా ఫొటోలు."

"తెలుసే. బేరంలో అలాగే అంటారు. కొట్టు."

కొట్టింది. రెండొందల దగ్గర తెగింది. నేనే వెళ్ళి కార్డు తెచ్చి, తాళంచెవితో గీకి నంబరు చదివాను. తర్వాత ఎవరి కంటా పడకూడదని ఆ రాతలన్నీ తుడిపించేశాను. నాన్నకి చెప్పనని దానిచేత ఒట్టు కూడా వేయించుకున్నాను.

పదిరోజులకి వాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి మూడొందలు. ఎంత దించబోయినా దిగలేదు, ఇచ్చాను. ఆ వెనకే ఇంకో మూడొందలు, అవీ ఇచ్చాను. చెయ్యి జేబులోకి వెళ్ళడం చూశాక ఏ కొట్టువాడూ ధర తగ్గించడు. కొట్లోనే పెరిగినదాన్ని, నాకా తెలియనిది? ఈ ఇంట్లో భయముంది, ఇచ్చే చెయ్యీ ఉంది అని మొదటి రోజే వాడికి నేనే చెప్పేశాను.

అమ్మాయి కడుపునొప్పని బడి మానేసింది. వీధిలో ఎవరు నవ్వినా తన గురించే అనుకునేది. పళ్ళెంలో అన్నం అలాగే ఉండిపోయేది. అప్పుడిక ఆయనకి చెప్పాను. ఆయన అరవలేదు. చొక్కా తొడుక్కుని "పదండి" అన్నారు.

స్టేషన్లో ఎస్సై వయసు మళ్ళిన మనిషి.

"ఆడు రాసినయ్యి ఏవమ్మా?"

"తుడిపేసాం సార్."

"గీకిన కార్డులు?"

"పారీసినాం."

"మరి ఏటి పట్టుకుని ఎతకమంటారు? అయి తుడపకూడదు. పైసా ఇవ్వకూడదు. ఆడికి బదులే రాయకూడదు. పాప సెప్పిన రోజునే మీరొచ్చుంటే ఏదో దారుండేది." కాయితం మీద రాసుకుంటూ మా అమ్మాయి వైపు తిరిగాడు. "తప్పు నీది కాదమ్మా. ఇంట్లో సెప్పావు సూడు, మంచి పని సేసావు."

ఆ మాట అన్ని రోజుల్లో మా ఇంట్లో ఎవరమూ దానితో అనలేదు. అది అక్కడే, ఆ బల్ల ముందే ఏడ్చింది. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

బదులివ్వడం మానేశాం. కొన్నాళ్ళు బెదిరించి వాడూ మానేశాడు. కంప్యూటర్ ముందుగదిలోకి వచ్చింది. ఫొటోలు ఎవరికీ రాలేదు, మాకు తెలిసినంతవరకు.

అమ్మాయి ఇంజనీరింగులో ఉండగా ఎవడో దొంగపేరుతో దానికి చెత్త మెసేజీలు పెట్టాడట. ఒక్కటీ తుడపకుండా ప్రింటు తీయించి హాస్టల్ వార్డెన్‌కి ఇచ్చిందట. వాణ్ణి పట్టుకుని కాలేజీలోంచి పంపేశారట. ఇదంతా నాకు ఏడాది తర్వాత దాని స్నేహితురాలి నోట తెలిసింది. సెలవులకి వచ్చినప్పుడు అడిగాను.

"నాకెందుకు సెప్పనేదే?"

"నువ్వు బేరం మొదలెడతావని."

బట్టలు మడతపెడుతూ అంది. గొంతులో కోపం కూడా లేదు.

లెక్క ఇదీ. అయిదొందలు అడిగాడు, బేరమాడి ఎనిమిది వందలు ఇచ్చాను. మూడు వారాల చదువు పోయింది. వాడు దొరకలేదు. ఆ ఫొటోలు ఎక్కడున్నాయో ఇవాళ్టికీ తెలీదు. మా అమ్మాయి తనంతట తాను వచ్చి నాతో కష్టం చెప్పుకున్నది ఆ ఒక్కసారే.