కండెకో మాట

బైబిలమ్మ చనిపోయిందని పోయిన మంగళవారం సిరిసిల్ల నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. మట్టికి వెళ్లి వచ్చాను. అప్పటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. మెట్‌పల్లిలో మా వాకిలికీ వంటింటికీ మధ్య ఊరికే తిరుగుతున్నాను. దుఃఖం ఒక్కటే అయితే ఏడ్చి ఊరుకునేదాన్ని.

మా పుట్టింటి ఊరు సిరిసిల్లలో ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే ఆమెను మేం బైబిలమ్మ అనేవాళ్లం. మగ్గాలకు నూలు కండెలు చుట్టే ఆడవాళ్లకు పుస్తకం పట్టే తీరిక ఎక్కడిది? అందుకే రాట్నం పక్కన కూర్చుని "నేను నమ్ముతున్నాను" అంటూ చర్చిలో అందరూ కలిసి చెప్పే విశ్వాస ప్రమాణాన్ని కండెకో మాట చొప్పున నేర్పేది. కండె నిండేలోపు ఆ మాట నోటికి రావాలి. రాకపోతే, "పోగు తెగింది, అతుకు బిడ్డా" అని నవ్వేది.

ఇది ఎవరు రాశారని ఒకసారి అడిగాను.

"ఒక్కలు రాయలే. పన్నెండుమంది శిష్యులు తలా ఓ మాట చెప్పిన్రంటరు గని, గది ఎనుకటోళ్లు అల్లిన ముచ్చట. బాప్తిస్మానికి నీళ్లల్ల దిగినోళ్లను మూడుసార్లు అడుగుతుండె. తండ్రిని నమ్ముతున్నవా, కొడుకును నమ్ముతున్నవా, పరిశుద్ధాత్మను నమ్ముతున్నవా అని. గా జవాబులే పెరిగి గిట్లయినయి. గందుకే అందరం కలిసి చెప్పినా, మేము అనం, నేను అంటం. ఒకల జవాబు ఇంకొకలు చెప్పరాదు."

అప్పటికి నా బాప్తిస్మం ఇంకో వారంలో ఉంది. అన్నలు ఊళ్లలో తిరుగుతున్నారని పోలీసులు ఇళ్లు సోదా చేస్తున్న రోజులవి. మా కండెల గంప అడుగున నేను రాసుకున్న కాగితం దొరికింది. ఆ పన్నెండు వరుసలు వాళ్లకు దళంలో చేరేవాళ్ల ఒట్టులా కనిపించాయి.

"ఈ పిలాతు ఎవడు? ఏ ఊరోడు?" అని గద్దించారు.

ప్రమాణంలో పేరున్న ఆనాటి రోమా అధికారిని వాళ్లు మా ఊళ్లలో వెతకడం ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం గంప వదిలి రెండడుగులు వెనక్కి జరిగాను.

"నాది కాదు సార్. బైబిలమ్మ రాసింది" అన్నాను.

కోనరావుపేటలో వాక్యం చెప్పి వస్తున్న ఆమెను బస్సు దిగీ దిగకముందే స్టేషన్‌కు తీసుకుపోయారు. పొద్దుగూకేదాకా నిలబెట్టి వదిలారు. మర్నాడు మామూలుగానే వచ్చి రాట్నం పక్కన కూర్చుంది.

"నా రాతనే అని చెప్పిన" అంది మా అమ్మతో. నా వైపు చూడలేదు.

"పిలాతు ఎవరని గూడ అడిగిన్రా?" అంది అమ్మ.

"అడిగిన్రు. గాయన గూడ మీ లెక్క సర్కారు మనిషే సారూ, యేసును సిలువకు అప్పజెప్పి చేతులు కడుక్కున్నడు అన్న."

అమ్మ పడీ పడీ నవ్వింది. నేను తల ఎత్తకుండా రాట్నం తిప్పాను.

ఆ ఆదివారమే నీళ్లలో దిగాను. మూడు ప్రశ్నలకూ గట్టిగానే జవాబు చెప్పాను. నాలుగో ప్రశ్న ఆమె అడగలేదు, ఇన్నేళ్లలో ఒక్కనాడూ అడగలేదు. ఆ కాగితం నేనే రాశాను. ఆమెకు చెప్పాల్సిన మాట ఇప్పుడు మీకు చెబుతున్నాను.

"నేను" అన్నచోట బైబిలమ్మ అరచెయ్యి గుండె మీద పెట్టుకునేది. మా ఆడవాళ్లందరికీ అదే అలవాటైంది. మొన్న ఆమె సమాధి దగ్గర అందరూ కలిసి విశ్వాస ప్రమాణం మొదలుపెట్టగానే చేతులన్నీ గుండెల మీదికి వెళ్లాయి. నా చెయ్యి లేవలేదు. ఆమె మీద వెయ్యాల్సిన మట్టి నా గుప్పిట్లోనే ఉండిపోయింది.