నాయనమ్మ కంచంలో నేను నెగ్గిన వాదన

మా నాయనమ్మ తాలుకాయను మంచికాయల కుప్పలో వేసిన రోజున, ఏదో తేడాగా ఉందని నాకు మొదటిసారి అనిపించింది.

ఎండబెట్టిన మిరపకాయల్లో రంగు పోయి తెల్లబారినవాటిని తాలు అంటాం. చిలకలూరిపేట దగ్గరున్న మా ఊళ్ళో తాలు ఏరడంలో డెబ్బై ఆరేళ్ళ నాయనమ్మను మించినవాళ్ళు లేరు. కల్లంలో పదిమంది ఆడవాళ్ళు ఏరిన కుప్పను ఆమె ఒకసారి చేత్తో కలియబెట్టి చూశాకే బస్తాలకెత్తుతారు. అలాంటి మనిషి ఆ రోజు ఎర్రటి కాయల్లోకి వరసగా తాలు వేస్తోంది.

"నాయనమ్మా, అవి తాలు కదా?" అన్నాను.

"ఏవీ?" అంది, చేతిలోని కాయను తిప్పి చూస్తూ.

తప్పు పట్టినందుకు ఆమె నన్ను తిట్టలేదు. నాకు భయం వేసింది అందుకే.

తర్వాతి మూడు రోజులూ వికారం, మత్తు. చనిపోయిన తన చెల్లెలి పేరుతో నన్ను పిలిచింది. ఎండదెబ్బ అయి ఉంటుందన్నారు నాన్న. నేను మరిన్ని నీళ్ళు తాగించాను. నాలుగో రోజు ఉదయం పెరట్లో పడిపోయింది. కారు మాట్లాడుకుని గుంటూరులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

రక్తపరీక్షలు, సీటీ స్కాన్ అయ్యాక డాక్టరుగారు మమ్మల్ని లోపలికి పిలిచారు. "రక్తంలో సోడియం, అంటే ఉప్పు, నూట పద్నాలుగే ఉంది. కనీసం నూట ముప్పై అయిదు ఉండాలి. ఐసీయూలో పెడుతున్నాం. ఏం మందులు వాడుతున్నారు?"

అమ్మ సంచిలోంచి బీపీ బిళ్ళల స్ట్రిప్ తీసి ఇచ్చింది. ఆయన వెనక్కి తిప్పి చదివారు. "ఇందులో డైయూరెటిక్, అంటే మూత్రం ఎక్కువ పోయించే మందు, ఉంది. కొందరిలో ఇది సోడియాన్ని తగ్గించేస్తుంది. ఇంట్లో ఉప్పు ఎంత తింటున్నారు?"

అమ్మ నా వైపు చూసింది.

"అసలు తినడం లేదు. నేనే మాన్పించాను," అన్నాను.

రెండు నెలల కిందట బీపీ డాక్టరు బిళ్ళ మార్చి, ఉప్పు తగ్గించమని చెప్పారు. తగ్గిస్తే మేలైనప్పుడు, మానేస్తే ఇంకా మేలని నేను వాదించాను. కాలేజీ డిబేట్ జట్టులో మూడేళ్ళుగా ఉన్నదాన్ని. ఆమె పెట్టిన ప్రతి అభ్యంతరానికీ నా దగ్గర సమాధానం ఉంది. ముందు గోంగూర పచ్చడి పోయింది, తర్వాత పప్పులో ఉప్పు, చివరికి మజ్జిగలో వేసుకునే చిటికెడు కూడా. "నీ వాదన కాలేజీలో పెట్టుకోవే, నా కంచంలో కాదు," అందామె. ఆ తర్వాత అలిసిపోయి, ఉప్పు లేని కంచాన్నే దగ్గరికి లాక్కుంది. దాన్ని నేను గెలుపనుకున్నాను. అది చాలదన్నట్టు, ఎండలు మొదలవగానే రోజుకు నాలుగు లీటర్ల నీళ్ళు సీసాలు లెక్కపెట్టి మరీ తాగించాను.

డాక్టరుగారు నన్ను కోప్పడలేదు. "బిళ్ళ వల్లే రావచ్చు. ఉప్పు లేకపోవడం, నీళ్ళు ఎక్కువవడం దానికి తోడయ్యాయి. సోడియాన్ని నెమ్మదిగా పెంచాలి. తొందరపడితే మెదడుకే ప్రమాదం," అన్నారు.

మరుసటి రోజు ఒంగోలు నుంచి బాబాయి వచ్చాడు. నాయనమ్మ ఆయన్ని గుర్తుపట్టలేదు. దుప్పటి మీద వేళ్ళు కదిలిస్తూ, లేని కాయల్ని ఏరుతూ ఉంది. బాబాయి స్కాన్ రిపోర్టు చదివి వరండాలో నాన్నతో అన్నాడు:

"అన్నయ్యా, మెదడు కుంచించుకుపోయిందని రాశారు. మా మామగారికీ మతిమరుపు ఇట్టాగే మొదలైంది. బాగవుతాడులే అని ఆర్నెల్లు ఊరుకున్నాం. ఆఖరికి బస్టాండుల్లో వెతుక్కోవాల్సొచ్చింది. అమ్మని నాతో తీసుకుపోతా, ఆయాని పెడతా. పొలం కౌలుకిచ్చెయ్."

నాన్న తల వంచుకున్నారు. ఆయనది స్పిన్నింగ్ మిల్లులో షిఫ్టు ఉద్యోగం. కల్లం నడిచేది నాయనమ్మ వల్లే.

"వయసు పెద్దదైతే స్కాన్‌లో అలా కనిపించడం మామూలేనని డాక్టరుగారు చెప్పారు బాబాయ్. సోడియం సరయ్యాక ఆమెనే అడుగుదాం. అప్పటిదాకా ఏదీ తేల్చవద్దు," అన్నాను.

"నేనెవరో తెలీని మనిషిని ఏమడుగుతావే? ఉప్పు మాన్పించిందీ నువ్వే, ఇప్పుడు ఆగమనేదీ నువ్వేనా?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. "అవును, నేనే," అన్నాను. "ఆమె మాట వినకుండా ఆమె గురించి తేల్చేశాను. అందుకే ఇక్కడున్నాం. అదే పని మళ్ళీ చేయనివ్వను."

మూడో రోజుకు సోడియం నూట ఇరవై ఒకటికి వచ్చింది. వార్డుకు మార్చారు. రోజుకు లీటరు మించి ఏ ద్రవమూ ఇవ్వకూడదన్నారు. నేను మందుల షాపుకు వెళ్ళి వచ్చేలోపు ఊరివాళ్ళు చూడడానికి వచ్చారు. వాళ్ళు తెచ్చిన కొబ్బరిబోండాలను తలా ఒక గ్లాసు చొప్పున ప్రేమగా తాగించారు. కొబ్బరినీళ్ళు లెక్కలోకి రావనుకుని నాన్న కూడా అడ్డు చెప్పలేదు. మర్నాడు సోడియం నూట పదిహేడు.

"ఇక చాలమ్మా," అన్నాడు బాబాయి. ఆయన గొంతులో కోపం లేదు. ఆ మాట నన్ను అందుకే ఎక్కువ కుంగదీసింది. ఆ రోజు ఆమె వైపు వాదించడానికి నా దగ్గర ఒక్క మాట కూడా మిగల్లేదు. పని మాత్రం మిగిలింది. లీటరు సీసా మీద గీతలు గీసి మంచం పక్కన పెట్టాను. వచ్చినవాళ్ళందరికీ నమస్కారం పెట్టి, బోండాలు నర్సులకు ఇచ్చేశాను. "ముసల్దానికి గుక్కెడు నీళ్ళు కూడా పొయ్యనివ్వదు, ఏం మనవరాలో!" అని ఒక పెద్దావిడ నా ఎదుటే అంది. సీసాకు మూత పెట్టాను.

ఏడో రోజున నూట ముప్పై ఒకటి. పొద్దున్నే బాబాయి మంచం పక్కన కూర్చుని, "అమ్మా, నేనెవర్ని?" అని అడిగాడు.

"ఏరా చిన్నోడా, ఒంగోలు పోయి నీ పేరు కూడా మర్చిపోయావా?" అంది నాయనమ్మ.

బాబాయి నవ్వబోయి కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత తానే ఒంగోలు సంగతీ కౌలు సంగతీ దాచకుండా చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది.

"ఈ యేటి కాయ నా చేతి మీదే పోవాల. వచ్చేయేడు సంగతి వచ్చేయేడు అడగండి. వానలు పడ్డాక నెల్రోజులు నీ దగ్గరుంటాలే చిన్నోడా, నీ పెళ్ళాం వంట చెయ్యనిస్తేనే!" తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వేందే, నెగ్గాననుకుంటున్నావా?"

"లేదు నాయనమ్మా."

"అనుకోమాక. మజ్జిగలో ఉప్పు లేకుండా రెణ్ణెల్లు తాగించావు, గుర్తుపెట్టుకుంటా."

తొమ్మిదో రోజున ఇంటికి వచ్చాం. డాక్టరుగారు బీపీ బిళ్ళ మార్చారు. రోజంతటికీ కలిపి ఒక టీస్పూను ఉప్పు చాలన్నారు. పొద్దున్నే ఆ స్పూను ఉప్పును నాయనమ్మే చిన్న స్టీలు డబ్బాలో పోసుకుంటుంది. దేనిలో ఎంత వేయాలో ఆమే చెబుతుంది. మజ్జిగ వంతు ముందే తీసిపెడుతుంది. అన్నీ సర్దుకున్నాయని చెప్పను. ఇప్పటికీ కొన్ని పేర్లు తట్టవు. మూడు నెలలకు మెమరీ టెస్టు చేద్దామన్నారు. బాబాయి భయం నిజమూ కావచ్చు. అలా అయితే ఏం చేయాలో ఆమె స్పష్టంగా ఉన్నప్పుడే ఆమెను అడిగి, ఆమె చెప్పినట్టే ఒక కాగితం మీద రాసుకున్నాం. నాన్న, బాబాయి, నేను సంతకాలు పెట్టాం, ఆమె వేలిముద్ర వేసింది.

ఇది చదివేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. డాక్టరు దేన్నయినా తగ్గించమన్నా పెంచమన్నా, లేచి వచ్చేయకండి. "ఎంత?" అని అడగండి. స్పూన్లలో, గ్లాసుల్లో చెప్పించుకోండి. ఇన్నేళ్ళు ప్రశ్నలడగడం నేర్చుకున్న నేను ఆ ఒక్క ప్రశ్న అడగలేదు.

నిన్న కల్లంలో నేను ఏరిన కుప్పను నాయనమ్మ చేత్తో కలియబెట్టింది. అడుగు నుంచి ఒక తెల్లటి కాయ తీసి నా అరచేతిలో పెట్టింది.

"ఇదేంది, గుడ్డిదానా?" అని తిట్టింది.