ఒళ్లో నాలుగు బెండకాయలు

బెండకాయలు కొనేవాళ్లకి ఒక అలవాటుంది. కాయ అందుకుని కొన టక్కున విరుస్తారు. విరిగితే సంచిలో వేసుకుంటారు. వంగితే మళ్లీ రాశిలో పారేసి, మోసం చేశామన్నట్టు మన మొహం చూస్తారు. నెల్లిమర్ల దగ్గర మా పొలం చెక్కలో బెండ వేసిన దగ్గర్నుంచీ ఆ అలవాటంటే నాకు ఒళ్లుమంట.

బెండకి ఓపిక తక్కువ. రోజు విడిచి రోజు కోయకపోతే ముదిరిపోతుంది. పైగా నూగు తగిలితే చేతులు దురద. కోతకొచ్చే ఆడవాళ్లు పాత మేజోళ్లు చేతులకి తొడుక్కుని కోసేవారు. ఇంటికి పోయేటప్పుడు కూలి కాక, కూరకి సరిపడా లేత కాయలు ఒళ్లో వేసుకెళ్లేవారు. మా అత్తగారి కాలం నుంచీ అదే పద్ధతి.

ఈ ఏడు ముసురు పట్టి వదల్లేదు. పల్లపు తోటల్లో నీళ్లు నిలిచి పూతంతా రాలిపోయింది. మాది కాస్త మెరక, బతికింది. బజారుకి కాయ రాక ధర చెట్టెక్కి కూర్చుంది. మా ఆయనకి మొహం వెలిగింది. మనుషులు దొరకని ఈ కూరగాయల గొడవ మానేసి సరుగుడు వేసేస్తానని రెండేళ్లుగా అంటున్న మనిషి, "ఈ పంట చేతికొస్తే బెండే ఉంచుదాంలే" అన్నాడు. నాకు కావలసిందీ అదే.

కానీ కోసేదెవరు? మా కోతవాళ్లంతా భోగాపురం ఎయిర్‌పోర్టు కట్టే పనికి పోతున్నారు. పొద్దున్నే వ్యాను వీధిలోకే వస్తుంది. వాన పడితే మా దగ్గర పనీ లేదు, కూలీ లేదు. అక్కడ రేకుల కింద ఏదో ఒక పని ఉంటుంది. నేనైనా అటే పోదును. అయినా ఆ హారన్ వినపడితే చాలు, తిట్టుకునేదాన్ని.

మా తోటలో ఎన్నో ఏళ్లు కోతకొచ్చిన ఆమె పక్కవీధిలోనే ఉంటుంది. నన్ను ఒదినా అని పిలుస్తుంది. వెళ్లి బతిమాలాను.

"ఎలాగొస్తాను ఒదినా? ఒక్కరోజు మానేస్తే నా సోట్లో ఇంకోర్ని ఎట్టేస్తారు" అంది.

ఇంకేం చేస్తాం, గోనెసంచులు నెత్తిన కప్పుకుని నేనూ మా ఆయనే దిగాం. రెండో కోతకే ఆయన నడుం పట్టేసింది. ఒక్కదాన్ని ఎంతని కోస్తాను? ఓ పక్క కోస్తుంటే మరో పక్క ముదిరిపోయేవి. బజార్లో ఆ ధర పలుకుతుంటే, చెట్టునున్న కాయల్ని చూస్తూ ఏడుపొచ్చేది.

ఆదివారం వాన తెరిపిచ్చింది. చూస్తే ఆమె తోటలో ఉంది, చేతులకి మేజోళ్లు తొడుక్కుని.

"సెలవురోజైనా పడుకోవేటే?"

"బజార్లో బెండకాయ ముట్టుకోనివ్వట్లేదు ఒదినా. కూరొండి ఎన్నాళ్లైపోనాదో. కూలొద్దు గానీ, ఒళ్లోకి నాలుగు కాయలియ్యి, సాలు."

చెప్పి, ఒక కాయ కోసి కొన విరవబోయింది. వంగింది. ఇంకోటి కోసింది. అదీ వంగింది. మొక్కల వరస చివరిదాకా అలాగే వెళ్లింది. నాకు ఆ అలవాటు మీద కోపం రాలేదు. ఒక్కటైనా విరగాలని మొక్కుకున్నాను.

"పర్లేదొదినా, పులుసెట్టుకుంటాను" అని ఆ ముదురువే ఒళ్లో వేసుకుంది. మిగతావి ఆవుకి కోసి పడేశాం.

తర్వాత మా ఆయన ట్రాక్టరు పిలిపించి బెండమొక్కలు దున్నించేశాడు. నేనూ అడ్డుచెప్పలేదు, ఆ ఓపిక కూడా లేదు. మేం సరుగుడు మొక్కలు నాటుతుంటే, మరో ఆదివారం ఆమె గట్టు మీద ఆగింది.

"మరి కూరకేటి సేస్తావు ఒదినా?"

"నీలాగే కొనుక్కుంటాను" అన్నాను.