ఇంకు ప్యాడ్‌లో నూనె చుక్కలు

ఈ మాట ఏళ్ల తరబడి గొంతులో అడ్డం పడి ఉంది. బరువు లారీ లోడుకు తక్కువ ఉండదు. లారీ అయినా ఎక్కడో ఒకచోట సరుకు దింపుతుంది. నేను దింపలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీ ముందు దింపుతున్నాను.

తొంభైల్లో కొత్తూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో, సరుకు బయటికి పంపే సెక్షన్‌లో దేవదానం, నేను గుమాస్తాలం. శంషాబాద్ నుంచి ఒకే బస్సుకు వేలాడుతూ వెళ్లేవాళ్లం. ఆఫీసు రబ్బరు స్టాంపుల ఆలనాపాలనా నాది. ఎంత సేవ! సాయంత్రం ప్యాడ్‌ను బోర్లించి పెట్టేవాణ్ణి, తెల్లారేసరికి ఇంకు పైకి ఊరాలని. అక్షరాల సందుల్లో మట్టిని సబ్బునీళ్లతో, పాత బ్రష్‌తో తోమేవాణ్ణి. నా పళ్లకు కూడా అంత భాగ్యం దక్కలేదు.

ఇన్‌చార్జి కుర్చీ ఖాళీ అయింది. "నువ్వు పెద్దోనివన్నా, నువ్వే అడుగు. నేను అడ్డం రాను" అన్నాడు దేవదానం. నమ్మాను. ఆ సంతోషంలో బిర్యానీ కూడా తినిపించాను. వారం తిరక్కుండా కుర్చీ అతనికొచ్చింది. నాకంటే ముందే మేనేజర్ ఇంటికి వెళ్లి అడుక్కున్నాడట. నా బిర్యానీ బలంతోనే నన్ను పొడిచాడు. ఇది మోసం కాదా? మోసమే. ఇవాళ్టికీ మోసమే.

అతని పేరుతో, హోదాతో కొత్త స్టాంపు వచ్చింది. దాని ప్యాడ్‌కు ఇంకు పట్టించే పని నాదే. రబ్బరుకు నూనె పడదని నాకు తెలుసు. ప్యాడ్‌లో మెషీన్ ఆయిల్ చుక్కలు పోశాను. కొద్ది రోజులకే అక్షరాలు తేనెటీగలు కుట్టిన మొహంలా ఉబ్బాయి. సరుకుతో పంపే కాగితాల మీద దేవదానం పేరు వంకాయరంగు బోండాలా పడేది. అది చదవలేక పట్నం గోదాములవాళ్లు లారీలను వెనక్కి తిప్పారు. మేనేజర్ అరుపులకు ఫ్యాక్టరీ సైరన్ సిగ్గుపడింది.

దేవదానం స్టాంపు పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు.

"పరేషాన్ అయితున్నన్నా. గిది గిట్లెందుకు పడుతున్నది? స్టాంపుల సంగతి నీకే ఎరుక. జర సూడు."

"స్టాంపుదేముందిరా? నీ చెయ్యి బరువు. గడ్డపార దింపినట్టు దింపుతవ్. గట్ల గుద్దితే రబ్బరు సాగదా?"

"నిజమేనా అన్నా?"

"ఏంది, నా మీద నమ్మకం లేదా?"

"నువ్వు జెప్పినంక ఇగ నమ్మకుంటనా!"

నూనె పోసినప్పుడు నాకేమీ అనిపించలేదు. ఆ మాట విన్నప్పుడు అనిపించింది. అప్పుడైనా నోరు విప్పానా? లేదు. అతను అన్నం మానేసి, చిత్తుకాగితాల మీద సబ్బుబుడగను ముట్టినట్టు స్టాంపు అద్దడం నేర్చుకుంటుంటే, పక్కన కూర్చుని "ఇంకా తేలిగ్గా" అన్నాను. ముద్రలు వెలిసిపోయాయి. మరిన్ని లారీలు తిరిగొచ్చాయి. అతన్ని దింపి కుర్చీ నాకిచ్చారు. కొన్నాళ్లకు అతను ఉద్యోగమే మానేశాడు.

తర్వాత అతనికి కూతురు పుడితే చూడటానికి వెళ్లాను. భార్య బిడ్డను అందించబోతే దేవదానం వెనక్కి జరిగాడు. "నా చెయ్యి బరువు. పిల్లకు నొప్పి పుడతది" అన్నాడు, నవ్వుతూనే. నేనూ నవ్వాను. వాళ్లు పెట్టిన మిఠాయి తిన్నాను.

అతని మోసాన్ని మాత్రం దొరికినవాడికల్లా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ బిర్యానీ ప్లేటు పెద్దదయ్యేది. అందరూ అయ్యో అన్నారు, ఛాయ్ ఇప్పించారు. నూనె దగ్గరికి వచ్చేసరికి కథ ఆపేవాణ్ణి.

అతను చేసినదాన్ని నేను మాఫీ చేయలేదు. అతను నన్ను మాఫీ చేయాలని ఏ మొహంతో అడగను? అడగను. కానీ దేవదానం చెయ్యి బరువు కాదు. ఏనాడూ కాదు. ఈ మాట ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్పాను.