శాంతమ్మ టీచరమ్మ నల్లరాయి

అక్క కొడుకుకు గజ్జి లేచింది. దవాఖానలో ఇచ్చిన గంధకం పొడిని వేపనూనెలో కలిపి రెండు రోజులుగా నేనే వాడి ఒంటికి రాస్తున్నాను. ఆ వాసన ఇల్లంతా పట్టింది. అన్నం ముద్ద నోటిదాకా తెచ్చుకున్నా అదే వాసన. ఈ ఉదయం చేతులు కడుక్కుంటూ మెడలోని దారం పైకి తీసి చూశాను. దానికున్న జొన్నగింజంత వెండి పూస నల్లబడింది. గంధకం తగిలితే వెండి నల్లబడుతుందని నాకు పదకొండేళ్లప్పుడే తెలుసు. చెప్పింది శాంతమ్మ టీచరమ్మ. ఆమె పోయి రెండేళ్లయింది.

నారాయణపేటలో మా ఆడపిల్లల బడికి ఆమె ఒక్కతే టీచరు. వాళ్ల నాయిన పాలమూరు కూలీలతో కలిసి బర్మా పోయి, అక్కడి వెండి గనిలో పనిచేశాడు. ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు కూతురికి ఒక నల్లరాయి ఇచ్చి వెళ్లాడు. తరువాత గని కూలి పోయాడన్న కబురుతో వచ్చింది ఆయన రేకుపెట్టె ఒక్కటే. గని ఎక్కడ కూలింది, ఆయనను ఎక్కడ పూడ్చారు, ఎవరూ చెప్పలేదు. ఆ రాయి ఎట్లా పుట్టిందో తెలుసుకోవాలని టీచరమ్మ పట్నంలో సైన్సు చెప్పే అయ్యవారికి ఉత్తరం రాసింది. ఆయన జవాబు మడతలు చిరిగేదాకా చదువుకుంది. ఒకరోజు రాయిని మా మధ్య పెట్టి మాకూ చెప్పింది.

"భూమి లోపల శానా లోతుల నీళ్లు పొయ్యి మీది ఎసరు కన్నా వేడిగ ఉంటయి. వెండి, గంధకం గా నీళ్లల్లనే కరిగి ఉంటయి. బండల పగుళ్లల్లకు ఎక్కొచ్చి, జర సల్లబడంగనే రెండూ ఒకదాన్నొకటి పట్టుకొని గడ్డకడ్తయి. గట్ల పుట్టిందే ఇది."

"నల్లగ ఉంది గద టీచరమ్మా, బొగ్గు కాదా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

ఆమె నవ్వలేదు. రాయి మూలలను వేలితో తడిమింది. చిన్న పాచికలు ఒకదానికొకటి అతుక్కున్నట్టు ఉండేది అది. "వేడి మీద ఉన్నప్పుడు గిట్ల మూలలు తీరి పుడ్తది. సల్లారినంక లోపలి కూర్పంతా మారిపోతది. పైరూపు మాత్రం గట్లనే నిలబడ్తది. ఎవరూ గుర్తు పట్టరు" అంది.

నేను బడిలో నోరు విప్పేదాన్ని కాదు. హాజరు పిలిచినా పలక్కుండా చెయ్యి మాత్రం ఎత్తేదాన్ని. కానీ బొమ్మలు బాగా వేస్తానని టీచరమ్మకు తెలుసు. అందుకే రాయిని గుడ్డలో చుట్టి నాకిచ్చింది. "బాలమణీ, ఇంటికి తీసుకపోయి దీని బొమ్మ గీసుకరా. పైలం, మా నాయినది ఇదొక్కటే ఉంది."

మా నాయిన వెండి పని చేసేవాడు. అరుగు మీద కూర్చొని గీస్తుంటే చూసి, ఏమిటది అన్నాడు. వెండి అన్నాను.

"వెండా? నలభయ్యేండ్ల సంది వెండి పట్టుకుంటున్న, నాకు తెల్వని వెండి ఎక్కడిది? కూలోళ్ల ఇంట్ల వెండి, గదీ నల్లది! మీ టీచరమ్మ మిమ్ములను ఆగం పట్టిస్తాంది."

అంటూనే రాయిని అందుకున్నాడు. ఉలి పెడితే అది మైనంలా తెగింది. ఆయన ముఖం మారింది. మా ఇళ్లలో ఏ అనుమానమైనా తీరేది నిప్పులోనే. ఆయన కుంపటి రాజేశాడు. రాయిని బొగ్గుల మీద పెట్టి ఊదుగొట్టం నోట పెట్టుకున్నాడు. వద్దు నాయినా అనాలి. నాలుక కదల్లేదు. భయం ఒక్కటే కాదు, టీచరమ్మ అబద్ధం చెప్పలేదని తేలాలని కూడా లోలోపల ఉంది. గంధకం వాసన కళ్లలోకి కొట్టింది. మూలలు ముడుచుకున్నాయి. నలుపు లోంచి తెల్లని చెమట పుట్టి, చుక్కలు చుక్కలుగా చేరి, ఒక్క పూసగా నిలిచింది.

నాయిన ఊదుగొట్టం దించాడు. పూసను నీళ్లలో ముంచి, గోటితో గీకి చూశాడు. "నిజమే చెప్పింది" అన్నాడు చివరికి. "నా దండం చెప్పు టీచరమ్మకు."

మర్నాడు ఆ పూసను ఆమె అరచేతిలో పెట్టాను. చెప్పాల్సినదంతా నా ముఖమే చెప్పింది. ఆమె గోడకు ఆనుకొని కూర్చుంది.

"కాల్చేటప్పుడు నువ్వు ఆడనే ఉన్నవా?"

తల ఊపాను.

"వద్దన్నవా?"

కిందికి చూశాను.

"రెండక్షరాలే గద బిడ్డా" అంది. కోపంగా అనుంటే తేలికయ్యేది. పూసను వేళ్ల మధ్య దొర్లిస్తూ, "మీ నాయిన మంచిగనే తీసిండు. దీనికి బెజ్జం ఎయ్యమను, మెడల ఏసుకుంట" అంది. ఆ వారం నాకొక నోటుబుక్కు ఇచ్చింది. "నోటికి రానిది కాగితం మీద పెట్టు. అలవాటైతే ఎప్పుడన్న నోటికి వస్తది." ఈ డైరీ అలవాటు అట్లా మొదలైంది.

ఆమె ఆ పూసను తీయలేదు. చెమటకు, పొయ్యి పొగకు ఏటికేడు నల్లబడింది. తోముకోరాదా అని ఎవరైనా అంటే, "మా నాయిన నల్లదే ఇచ్చిండు" అనేది. జ్వరంతో పోయేముందు అది నాకివ్వమని పక్కింటామెకు చెప్పిందట. ఆ పెద్దమనిషి, పాపం, మంచి పని చేస్తున్నాననుకొని బూడిదతో తోమి తళతళ మెరిసేటట్టు చేసి ఇచ్చింది. దగ్గరే నిలబడి చూశాను. అప్పుడూ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి నాలుగు పేజీలు రాశాను.

ఈ ఉదయం అక్క చింతపండు నానబెట్టిన గిన్నెతో వచ్చింది. "గదేందే, మెడల బొగ్గు కట్టుకున్నట్టు! ఇటియ్యి, తోమిస్త" అంటూ దారం పట్టుకుంది.

"వద్దు" అన్నాను.

నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. పిల్లవాడు ఉలిక్కిపడి ఏడ్చాడు. అక్క దారం వదిలేసి, "ఇంత చిన్నదానికి గట్ల అరుస్తరా?" అంది.

పూసను మళ్లీ జాకెట్టు లోపలికి వేసుకున్నాను. పైన పట్టిన నలుపు ఆ రాయి నలుపే, అదే వెండి, అదే గంధకం. మూలలు మాత్రం లేవు.