హో అడవి గేటు ముందు గంటన్నర

బాతెల్‌లో కాపురం పెట్టి నాలుగేళ్ళయినా, హో రెయిన్ ఫారెస్ట్‌ని "వచ్చే నెల చూద్దాంలే" అంటూనే గడిపేశాం. ఇప్పుడు మా ఆయన వంశీకి దేశం నడిమధ్య ఎక్కడో ఉన్న బెంటన్‌విల్‌లో ఉద్యోగం వచ్చింది. ఆదివారం ఫ్లైట్. నా ల్యాబ్ ఉద్యోగం ఇక్కడే. తనతో రమ్మని అతను నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. ఎందుకు అడగలేదా అనుకుంటూ వారంగా సరిగ్గా నిద్రపోలేదు. కలిసి గడపడానికి మిగిలింది శనివారం ఒక్కటే కాబట్టి, ఒళ్ళు సహకరించకపోయినా బయల్దేరాం.

నిజానికి తెల్లవారుజామున ఐదింటికే బయల్దేరాల్సింది. ముందురోజు అత్తయ్య ఫోన్ చేసి, "శనివారం పొద్దున ఎనిమిదింటి దాకా వర్జ్యం. అది దాటాకే గడప దాటండి" అన్నారు. పులిహోర డబ్బా పక్కన పెట్టుకుని, బూట్లు వేసుకుని సోఫాలో బుద్ధిగా కూర్చున్నాం. ఎడ్మండ్స్‌లో కార్ల ఫెర్రీ కోసం లైన్లో ఉండగా వంశీ నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మ చెప్పింది హైదరాబాద్ టైమే! మనకి వర్జ్యం నిన్న సాయంత్రమే అయిపోయింది." ఇతని టీమ్‌లో సగంమంది హైదరాబాద్‌లోనే ఉంటారు. రోజూ రెండు టైములు చూసుకునే మనిషి. నవ్వడానికి కూడా ఓపిక లేకపోయింది.

ఫెర్రీ లైన్లోనే రెండు గంటలు, అరగంట ఫెర్రీ, ఆపైన పోర్ట్ ఏంజెలెస్, ఫోర్క్స్ మీదుగా మూడు గంటల పైచిలుకు డ్రైవ్. రెండున్నరకి పార్క్ గేటు చేరేసరికి ముందు బారుగా కార్లు. లోపల పార్కింగ్ నిండిపోయిందనీ, ఒక కారు బయటికొస్తేనే ఇంకోటి వెళ్ళాలనీ, గంటన్నర పట్టొచ్చనీ రేంజర్ ఆవిడ చెప్పింది.

"రిటర్న్ అయిపోదామా? ఇంకా ప్యాకింగ్ ఉంది" అన్నాడు వంశీ.

"ఇంజన్ ఆఫ్ చెయ్యి" అన్నాను. ఫోన్లకి సిగ్నల్ లేదు. చల్లారిన పులిహోర తింటూ అడిగేశాను. "నన్ను రమ్మని ఎందుకు అడగలేదు?"

పులిహోర డబ్బాకి మూత పెట్టేశాడు. "అడిగితే వచ్చేస్తావని."

"అంటే?"

"రిజైన్ చేసి వచ్చేస్తావ్. తర్వాత నన్ను ఒక్క మాట కూడా అనవు. అది నేను తట్టుకోలేను."

కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ రెండూ తగ్గాక ఊరటగా అనిపించింది. అడిగి ఉంటే నిజంగానే వచ్చేసేదాన్ని.

చివరికి మా వంతు వచ్చి లోపలికి వెళ్ళాం. హాల్ ఆఫ్ మాసెస్ అనే నడకదారి మైలు కూడా ఉండదు. దాన్నే కాళ్ళీడ్చుకుంటూ నడిచాం. కొమ్మల నిండా నాచు, తడి తువ్వాళ్ళు ఆరేసినట్టు వేలాడుతోంది. కూలిపోయిన ఓ మహావృక్షం మీద పిల్లచెట్లు వరసగా మొలిచాయి. అక్కడి బల్ల మీద కూర్చోగానే వంశీ నా భుజం మీద నిద్రపోయాడు. తుంపర మొదలైనా లేపలేదు.

అంత దూరం వెళ్ళి ఏం చూశారంటే, చెట్ల గురించి పెద్దగా చెప్పలేను. చాలా భాగం అలసటే గుర్తుంది. కానీ ఇంట్లో అయితే ఆ మాట అడిగేదాన్ని కాదు, గిన్నెలు తోమడమో, ల్యాప్‌టాపో అడ్డం వచ్చేది. మీరు వెళ్తుంటే ఒక్క సలహా: ఒక్కరోజులో వెళ్ళి రాకండి. ఫోర్క్స్‌లో గది తీసుకుని, మర్నాడు పొద్దున్నే మళ్ళీ అడవికి వెళ్ళండి. కారుకి ముప్పై డాలర్ల పాస్ వారం చెల్లుతుంది, రెండో రోజు ఏమీ కట్టక్కర్లేదు. మాకు ఆ రెండో రోజు లేకపోయింది.