టాపిక్కుల వేలంపాట

ఆ నెల రెండో ఆదివారం మా కంప్యూటర్ సంఘం మీటింగ్‌కి నలుగురం తేలాం. నేను, లైబ్రరీ సారు, ఇంకో ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకాయన ఫ్యాను కోసం వచ్చానని ముందే చెప్పేశాడు. మైపాడు లైబ్రరీలో వెనక గది, అందులో రెండు పాత కంప్యూటర్లు మాకిచ్చింది సారే. అందరూ వెళ్లాక ఆయన మెల్లగా విషయం బయటపెట్టారు.

"కుట్టు క్లాసోళ్లు ఈ గది అడగతా ఉండారు పాపా. వచ్చే నెల ఇరవై మంది రాకపోతే వాళ్లకి ఇచ్చేస్తా. నన్ను తప్పు పట్టొద్దు."

నాకు చర్రున మండింది. హైదరాబాద్‌లో పెరిగి, నాన్నకి రొయ్యల మేత కంపెనీలో పని దొరికిందని ఈ ఊరొచ్చినదాన్ని. ఆఫీసు పని ఇంట్లోంచే. మొదటి ఆరు నెలలు కూరగాయలమ్మే ఆమెతో తప్ప ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడలేదు. ఈ సంఘం పెట్టాకే రోడ్డు మీద నన్ను ఆపి పలకరించేవాళ్లు పుట్టారు. ఆ గది పోతే అదంతా పోతుంది.

లైబ్రరీ మెట్ల మీదే కూర్చుని మా గ్రూప్‌లో పోల్ పెట్టాను. వచ్చే మీటింగ్‌లో ఏం నేర్చుకుందాం? కృత్రిమ మేధ, కోడింగ్, క్లౌడ్, వెబ్‌సైట్ తయారీ, వీడియో ఎడిటింగ్, డేటా భద్రత. నచ్చినవి నొక్కండి అన్నాను. తెల్లారి లేచేసరికి ఓట్లు కుప్పలు తెప్పలు. మంచం మీదే ఎగిరాను. తర్వాత సరిగ్గా చూస్తే ఆరింటికీ ఒకే లెక్క. అందరూ అన్నీ నొక్కేశారు.

ఫోన్ పట్టుకుని తిన్నగా సముద్రం ఒడ్డుకి పోయాను. అప్పుడే పడవలొచ్చాయి. ఇసక మీద చేపల గంపలకి వేలంపాట పెట్టే అక్క మా గ్రూప్‌లోనే ఉంది. పాట అయ్యేదాకా ఆగి, స్క్రీన్ ఆమె మొహం ముందు పెట్టాను.

"ఏందక్కా ఇది? ఆరూ ఎందుకు నొక్కావు?"

"ఒకటి నొక్కి ఒకటి వదిలేస్తే నువ్వు బాధపడతావని."

"అవేంటో తెలుసా అసలు?"

"తెలిస్తే ఒకటే నొక్కేదాన్ని గదా."

గట్టిగా అరిచాను. గది పోతోందనీ, ఇరవై మంది కావాలనీ, ఈ ఊరికి ఏం చేసినా దండగనీ అన్నాను. ఆమె చేతులు కడుక్కుంటూ అంతా విన్నది.

"పొద్దున్నించీ నేనూ అరస్తానే ఉండా. నేనరిస్తే సరుకు పోతాది. నువ్వు మొప్ప ఎత్తి తాజాదో కాదో చూపించకుండా చేప అమ్మతా ఉండావు. ఎవురు పాడతారు? సాయంత్రం రా. నీ సరుక్కి నేను పాట పెడతా. డబ్బు గాదు, మనుషులు. ఎవురు ఎంతమందిని పాడితే అంతమందిని మీటింగు ఆదివారం తేవాల."

సాయంత్రం వలలు ఆరేసిన చోట ఓ పదిహేను మంది చేరారు. అక్క గొంతు సవరించుకుంది. "క్లౌడంట. ఏందది పాపా, మొప్ప ఎత్తు."

"ఫోన్ పోయినా ఫొటోలు పోకుండా దాచుకోవడం," అన్నాను.

వల బాగుచేస్తున్న ఒకాయన తలెత్తాడు. "సముద్రంలో పడినా?"

"పడినా."

"నా బిడ్డ పెళ్లి ఫొటోలన్నీ అట్నే పొయినాయి. ఐదుగురు."

అక్క నన్ను ఊపిరి తీసుకోనివ్వలేదు. కోడింగ్‌కి మొప్ప ఎత్తాను, ఎవరూ పలకలేదు. ఇంకోసారి ఎత్తాను. "ఇది అమ్ముడుపోదు, ఎండేద్దాం," అని పక్కకి తోసేసింది. నాకు కోపం రాబోయి నవ్వొచ్చింది. వెబ్‌సైట్, వీడియో, డేటా భద్రతలకీ అదే గతి. కృత్రిమ మేధ దగ్గర, నోటితో తెలుగులో చెప్తే అర్జీ రాసిపెడుతుందని చెప్పాను. పక్క పొలాల నుంచి వచ్చిన వరి రైతు అన్న వెంటనే, "ఏడుగురు. కాలవ నీళ్ల గురించి అర్జీ పెట్టాల," అన్నాడు.

అప్పుడు ఐసు షెడ్డులో పనిచేసే ఒకావిడ నా జాబితాలో లేనిది అడిగింది.

"మా వేలిముద్రలు ఫోన్లో పడవు పాపా. ఉప్పుకీ ఐసుకీ అరిగిపొయినాయి. మా ఆయన వేలికే పడతాది, ఫోన్ తెరిచేదానికి దినమూ ఆయన్ని బతిమలాడాల. దానికేమన్నా ఉందా?"

ఉంది అన్నాను. ఉందో లేదో నాకే పూర్తిగా తెలియదు.

"అయితే పదకొండు మంది," అంది.

"ఇంకెవురన్నా?" అని అక్క చుట్టూ చూసింది. నేను వేళ్ల మీద లెక్కేశాను. ఐదు, ఏడు, పదకొండు. ఇరవై మూడు. అక్కడే గంతులేశాను. ఎవరో వీడియో తీశారు కూడా.

ఆ నాలుగు వారాలూ ఆఫీసు పని అవగానే ఫోన్ల మీదే పడ్డాను. అమ్మ ఫోన్, నాన్న ఫోన్, పక్కింటివాళ్ల ఫోన్లు తెచ్చి, వేళ్లు తడిపి, ఉప్పు రాసి చూశాను. బొటనవేలి అంచు కొన్నిటికి పడుతుంది. పడనివాటికి మొహం చూపించి తెరవచ్చు, లేదా నాలుగంకెల తాళం పెట్టుకోవచ్చు.

మీటింగ్ ఆదివారం ఐసు షెడ్డు ఆడవాళ్లు పదకొండు మంది అన్నారు, పద్నాలుగు మంది దిగారు. కుర్చీలు చాలక నేల మీద కూర్చున్నారు. పదకొండుకి పాడిన ఆవిడ ఫోన్ మొదటిసారి ఆమె మొహం చూసి తెరుచుకుంది. ఆమె దాన్ని మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది. పక్కావిడ, "చాల్లే, అరిగిపోతాది," అంది. సారు గుమ్మంలో నిలబడి తలలు లెక్కపెడుతూ ముప్పై దగ్గర తప్పారు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టలేదు.

ఫొటోలు దాచడం అయ్యేసరికి ఒంటిగంట. లైబ్రరీ మూసే వేళ. సారు గడియారం చూశారు. రైతు అన్న లేచి నిలబడ్డాడు.

"సార్, ఏడుగుర్ని ట్రాక్టర్లో ఎక్కించుకోనొచ్చినా. మా పాట ఇంకా రాలే. ఉత్త చేతుల్తో పొయ్యేది లేదు."

సారు నా వైపు చూశారు, గది వైపు చూశారు. జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు.

"నేను అన్నానికి పోతా ఉండా. అయిపోయినాక నువ్వే తాళమెయ్యి పాపా. కుట్టు క్లాసోళ్లకి ముందువైపు గది చూస్తాలే."

నేను కంప్యూటర్ మైకు రైతు అన్న చేతికిచ్చి, "చెప్పన్నా, కాలవలో నీళ్లు ఎప్పట్నుంచి రావట్లేదు?" అన్నాను.